శవపేటికలు చేసిన గురువు



మన విచారణలో ఎవరైనా కన్నుమూసినప్పుడు, సమాధుల దొడ్డి నుండి తిరిగి వస్తూ మనం అనుకునే మాటలు మీరు గమనించే ఉంటారు. ఆత్మ దేవుని దగ్గరకు వెళ్లిపోయింది, ఇక్కడ మిగిలింది మట్టేగదా అంటాం. దుఃఖంలో ఉన్న ఇంటివారికి ఓదార్పుగా చెప్పే మాట కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. కాని ప్రతి ఆదివారం దివ్య బలిపూజలో విశ్వాస సంగ్రహం చెప్పేటప్పుడు మనం ఒప్పుకునేది అంతమాత్రమే కాదు. శరీరం కూడా తిరిగి లేస్తుందని మనం నలుగురిలో నిలబడి చెబుతున్నాం. ఏ శరీరం? పెళ్లినాడు ఫోటో తీయించుకున్న శరీరమా, పక్షవాతంతో మూడేళ్లు మంచంపట్టి పుండ్లు పడిన శరీరమా? ఈ ప్రశ్న మీ ఇంట్లో పిల్లలు అడిగితే ఏం చెబుతారు?

ఈ ప్రశ్నను పుస్తకాల్లో కాక, కుళ్లిపోతున్న మనుషుల మధ్య పదహారేళ్లు కూర్చుని ఎదుర్కొన్న ఒక గురువు గురించి ఈ వారం చెప్పుకుందాం. ఆయన పునీత దమియాను గారు. మొలొకాయి దీవి కుష్ఠురోగుల గురువు అంటే మీలో చాలామంది గుర్తుపడతారు. ఆయన త్యాగం గురించి ఉపదేశి క్లాసులో విన్నవారే ఎక్కువ. ఆయన వడ్రంగం గురించి విన్నవారు తక్కువ.

బెల్జియం చిన్న దేశం. పాత లెక్కన మన ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాలు మూడూ కలిపితే ఎంతో, దానికంటే కొంచెం పెద్దది. అక్కడ ట్రెమెలో అనే పల్లెలో 1840 జనవరి 3న రైతు కుటుంబంలో ఏడవ బిడ్డగా ఆయన పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్, ఇంటిపేరు డె వ్యూస్టర్. తండ్రి ధాన్యం వ్యాపారం కూడా చేసేవారు. ఈ కుర్రవాడిని వ్యాపారంలో పెడదామని ఆయన ఆశ. కాని అన్నగారు అప్పటికే యేసు మరియల తిరుహృదయాల సభలో చేరి పాంఫిలు అనే పేరు తీసుకున్నారు. తమ్ముడు 1859లో లూవెన్ పట్టణంలోని అదే మఠానికి వెళ్లి తనూ చేరిపోయాడు. పై చదువులు లేవు కాబట్టి గురువు కావడానికి పనికిరాడని మొదట సహోదరుడుగా మాత్రమే తీసుకున్నారు. అన్న దగ్గర లాటిన్ నేర్చుకుని పెద్దల మనసు మార్పించుకున్నాడు. దమియాను అనే పేరు పూర్వకాలపు వైద్యుడైన ఒక వేదసాక్షి పేరు. ఆ పేరు తీసుకున్న రోజున దాని బరువు ఆ కుర్రవాడికి ఏం తెలుసు!

1860 అక్టోబరు 7న పారిస్‌లో మాటపట్టు. ఆ సభలో ఒక ఆచారం ఉండేది. మాటపట్టు ఇచ్చే వ్యక్తి దేవాలయంలో బోర్లా పడుకుంటే, శవపేటికపై కప్పే నల్లని గుడ్డను అతని మీద కప్పేవారు. లోకానికి చచ్చి క్రీస్తులో కొత్తగా బ్రతకాలని దాని అర్థం. ఇరవై ఏళ్ల యువకుడు ఆ గుడ్డ కింద పడుకుని లేచాడు. చాలామందికి అది ఒక పూట జరిగిపోయే కర్మకాండ. ఆయన మాత్రం ఆ గుడ్డను జీవితాంతం మరువలేదు. జ్ఞానస్నానంలో మనలను నీటిలో క్రీస్తుతో పాటు పాతిపెట్టి లేపారని పునీత పౌలుగారు రోమీయులకు వ్రాసిన లేఖలో నేర్పినది కూడా ఇదేగదా. మనలో ఎక్కువమందికి ఆ నీళ్లు పోసిన రోజు గుర్తే లేదు.

అన్న పాంఫిలు గారిని హవాయి దీవులకు పంపాలని పెద్దలు నిర్ణయించారు. ప్రయాణానికి ముందు ఆయనకు టైఫస్ జ్వరం తగిలింది. తమ్ముడు లూవెన్‌లోని పెద్దలను అడగకుండా నేరుగా పారిస్‌లోని సభాధిపతికి ఉత్తరం వ్రాసి, అన్న బదులు తనను పంపమన్నాడు. అనుమతి వచ్చింది. 1863 చివర ఓడ ఎక్కి, సుమారు అయిదు నెలలు సముద్రంపై గడిపి, 1864 మార్చి 19న పునీత జోసెఫ్‌గారి పండుగనాడు హొనొలులు రేవులో దిగారు. అదే ఏడాది మే 21న అక్కడి శాంతిమాత కెథడ్రల్‌లో గురుపట్టం పొందారు. తరువాత తొమ్మిదేళ్లు హవాయి పెద్ద దీవిలో కొండలెక్కి దిగుతూ, గుళ్లు కడుతూ గడిపారు. దూలాలు మోసి, రంపం పట్టి, చేతులు కాయలు కాచిన గురువు ఆయన. ఈ పనితనం తరువాత ఎక్కడికి దారితీసిందో చూడండి.

హవాయి ప్రజలు అసలే పరదేశీయుల నుండి వచ్చిన జబ్బులతో తగ్గిపోతున్నారు. వాటిలో కుష్ఠు ఒకటి. 1865లో రాజు కమెహమెహ ప్రభుత్వం చట్టం చేసి, రోగులను పట్టి మొలొకాయి దీవిలోని ఒక భూభాగానికి పంపడం మొదలుపెట్టింది. 1866 జనవరిలో 12 మంది రోగులతో మొదటి ఓడ వెళ్లింది. ఆ చోటుకు మూడు పక్కల సముద్రం, నాలుగో పక్క రెండు వేల అడుగులు మించిన నిటారు కొండ. వేరే కాపలా అక్కర్లేదు. అక్కడికి వెళ్లినవారు ఇక తిరిగిరారు. భర్తను భార్య నుండి, తల్లిని బిడ్డ నుండి లాక్కుపోయేవారు కాబట్టి అక్కడి జనం ఆ రోగానికి విడదీసే జబ్బు అని పేరు పెట్టారు. వైద్యులు పెట్టిన పేరు కంటే ఆ పేరే నిజం.

1873 మే నెలలో మౌయి దీవిలో ఒక కొత్త దేవాలయ ప్రతిష్ఠకు గురువులు కూడారు. అక్కడ పీఠాధిపతి మైగ్రే గారు మొలొకాయిలో దిక్కులేక చనిపోతున్న కథోలికుల మాట ఎత్తారు. ఎవరినీ ఆజ్ఞాపించి పంపే ధైర్యం ఆయనకు లేదు. నలుగురు గురువులు వంతులవారీగా వెళ్తామన్నారు. మొదటి వంతు దమియాను గారిది. మే 10న పీఠాధిపతిగారే వెంటబెట్టుకుని వెళ్లి రోగుల మధ్య దింపి వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్లు. ఇల్లు లేదు. దేవాలయం పక్కనున్న ఒక మొగలి జాతి చెట్టు కింద పడుకున్నారు. వంతు పూర్తికాకముందే తనను అక్కడే ఉండనివ్వమని పెద్దలకు వ్రాశారు. మాటపట్టునాడు తనపై కప్పిన నల్లగుడ్డ అప్పుడు గుర్తుకు వచ్చిందని తరువాత ఒక ఉత్తరంలో తెలిపారు. ఆ గుడ్డ కింద ఒకసారి చనిపోయినవాడికి మళ్లీ చావు భయం దేనికని ఆయన ధోరణి.

ధైర్యం ఒక్కసారిగా వచ్చిందనుకోకండి. మొదట్లో గుడిలో బలిపూజ చేస్తుంటే ఆ పుండ్ల వాసనకు ఆయనకు వాంతి వచ్చేది, బయటికి వెళ్లి ఊపిరి పీల్చుకోవాలనిపించేది. వాసన తట్టుకోవడానికి పొగాకు గొట్టం అలవాటు చేసుకున్నారు. రోగులు లాలాజలం మింగలేక, ఉమ్మడానికి చోటులేక గుడికి రావడానికి సిగ్గుపడుతుంటే, ఆయన దేవాలయం నేల చెక్కల్లో రంధ్రాలు కోశారు. ఆ రంధ్రాల్లోకి గొట్టంలా చుట్టిన ఆకు పెట్టి ఉమ్మేవారు. దేవాలయానికి పాలరాయి పరిచినవారి పేర్లు గోడలపై చెక్కించుకుంటాం. ఈ రంధ్రాలకంటే గొప్ప అలంకారం ఏ కెథడ్రల్‌లోనైనా ఉందా అని నాకు అనుమానం.

ఇప్పుడు ఆ శవాల సంగతి. ఆయన వెళ్లేసరికి అక్కడ చావుకు మర్యాద లేదు. చచ్చినవాడిని చాపలోనో దుప్పటిలోనో చుట్టి లోతులేని గుంటలో పడేసేవారు. పందులు, కుక్కలు వచ్చి తవ్వేవి. బ్రతికున్నవారు అది చూస్తూ ఉండేవారు. రేపు నా గతీ ఇంతే అని తెలిసిన మనిషి ఇవాళ ఎలా బ్రతుకుతాడు? తాగి పడుకుంటాడు, దొంగిలిస్తాడు, ఆడపిల్లలను చెరుస్తాడు. అక్కడ సరిగ్గా అదే జరిగేది. ఆ చోట చట్టం లేదనే మాట దీవులన్నిటా పాకింది.

దమియాను గారు ముందు ప్రసంగం మొదలుపెట్టలేదు. సమాధుల దొడ్డికి గట్టి కంచె వేశారు. లోతుగా గుంటలు తవ్వారు. రంపం, సుత్తి తీసుకుని శవపేటికలు చేయడం మొదలుపెట్టారు. ఆ పదహారేళ్లలో ఆయన చేతిమీదుగా తయారైన పెట్టెలు వందల్లో ఉంటాయి. గుంటలు తవ్వడానికి మనిషి దొరకనప్పుడు ఆయనే తవ్వేవారు. అంత్యక్రియలకు రోగులతో ఒక సంఘం ఏర్పరిచారు. ఆ సంఘం వాద్యాలతో, పాటలతో, సిలువ ముందు పెట్టుకుని పెట్టె వెంట నడిచేది. వారంలో రెండు మూడు చావులు తప్పని ఊరిలో అది చిన్న ఏర్పాటు కాదు. ఏ దిక్కూలేని రోగికైనా ఒక పెట్టె, ఒక గుంట, ఒక సిలువ, నలుగురి పాట దక్కుతాయని అందరికీ తెలిసింది.

చచ్చినవారికి అంత శ్రమ దేనికి, ఆ కర్రతో బ్రతికినవారికి ఇల్లు కట్టవచ్చుగదా అని మీకు తోచవచ్చు. ఆయన ఇళ్లూ కట్టారు. గాలివానకు గుడిసెలు పడిపోతే ప్రభుత్వం వెంటపడి కర్ర తెప్పించి కొత్త ఇళ్లు వరుసగా నిలబెట్టారు. లోయలోని నీటిని గొట్టాలు వేసి ఊరిలోకి తెచ్చారు. తల్లిదండ్రులు లేని మగపిల్లలకు, ఆడపిల్లలకు విడివిడిగా ఆశ్రమాలు పెట్టారు. పుండ్లు కడిగి కట్లు కట్టారు. అయితే ఈ పనులన్నిటికీ వేరు ఆ సమాధుల దొడ్డిలోనే ఉందని నేను నమ్ముతున్నాను. కుళ్లి పడిపోయిన శరీరానికి కూడా దేవుని దగ్గర భవిష్యత్తు ఉందని ఒప్పుకున్నవాడే బ్రతికున్న ఆ శరీరానికి నీళ్లు తెస్తాడు. వేళ్లు ఊడిపోయిన రోగి తన శవానికి దక్కబోయే మర్యాద చూసి తన బ్రతుకును గౌరవించడం నేర్చుకుంటాడు.

పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ పదిహేనవ అధ్యాయంలో విత్తనం పోలిక తెచ్చారు. మన రైతు కుటుంబాలకు ఇది వివరించనక్కర్లేదు. మడిలో చల్లిన వడ్లగింజ మట్టిలో ఉబ్బి, పగిలి, రూపం పోగొట్టుకుంటుంది. మొలక వచ్చాక ఆ గింజ కోసం వెతికితే కనబడదు, కాని మొలిచింది ఆ గింజే, మరొకటి కాదు. దేవుడు మనలను లేపేటప్పుడు పాతదాన్ని పారేసి కొత్త మనిషిని తయారుచేయడు. ఈ మనిషినే మారుస్తాడు. ఉత్థాన క్రీస్తు శిష్యులకు కనబడినప్పుడు చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తోమాసుగారు గుర్తుపట్టింది వాటివల్లనే. ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది. పుండ్లు పడిన శరీరమే లేస్తుంది, నొప్పి మాత్రం ఉండదు, చావు ఉండదు.

దమియాను గారి ఇల్లు సమాధుల దొడ్డి పక్కనే. సాయంత్రం వేళ జపమాల చేతబట్టి ఆ సమాధుల మధ్య తిరగడం తనకు ఇష్టమని, అప్పటికే పరలోక ఆనందంలో ఉన్నవారిని, ఉత్తరించు స్థలంలో ఉన్నవారిని తలుచుకుంటానని ఆయన ఉత్తరాలవల్ల తెలుస్తోంది. నవంబరు 2వ తేదీన ఒక్కరోజు కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లివచ్చే మనకు అది వింతగా ఉండవచ్చు. ఆయనకు అవి తాను పేర్లతో ఎరిగిన మనుషుల పడకలు.

ఆయన కష్టాల్లో పెద్దది రోగం కాదు, ఒంటరితనం. రాకపోకలు నిషేధించిన రోజుల్లో ఒకసారి ఆయన సభ పెద్ద ఓడలో వచ్చారు, కాని దిగడానికి కెప్టెన్ ఒప్పుకోలేదు. దమియాను గారు పడవలో ఓడ పక్కకు వెళ్లి, పై నుండి అందరూ చూస్తుండగా గట్టిగా కేకవేసి ఫ్రెంచి భాషలో తన పాపసంకీర్తనం చేసుకున్నారు. పాపసంకీర్తనపు గూటిలో గుసగుసగా చెప్పడానికే ఏడాది ఆలోచించే మనం ఆ దృశ్యం ఒక్కసారి ఊహించుకోవాలి.

1884 డిసెంబరులో ఒక సాయంత్రం అలసిన కాళ్లను వేడినీళ్లలో పెట్టుకున్నారు. నీళ్లు మరిగిపోతున్నాయి. చర్మం బొబ్బలెక్కింది, నొప్పి మాత్రం తెలియలేదు. ఆ స్పర్శలేనితనం ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, వందల మందిలో చూశారు. 1885లో డాక్టర్ ఆర్నింగ్ అది కుష్ఠే అని నిర్ధారించారు. మొదటి నుండి రోగులతో కలుపుకుని మనం అని చెప్పుకునే గురువుకు ఇప్పుడు ఆ మాట అక్షరాలా నిజమైంది. ఇక్కడొక విషయం చెప్పాలి. ఆయన మొలొకాయి చేరిన 1873లోనే నార్వే దేశంలో హాన్సెన్ అనే వైద్యుడు ఈ రోగానికి కారణమైన క్రిమిని కనిపెట్టారు. కాని నయంచేసే మందు రావడానికి ఇంకా డెబ్భై ఏళ్లు పట్టింది. జపాను వైద్యుడు గోటో గారి స్నానాల చికిత్స దమియాను గారు ప్రయత్నించారు. 1888 డిసెంబరులో ఎడ్వర్డ్ క్లిఫర్డ్ అనే ఆంగ్లేయ చిత్రకారుడు మన అండమాన్ అడవుల గర్జన్ చెట్టు నూనె తీసుకెళ్లి ఇచ్చారు. ఏదీ పనిచేయలేదు.

ఆ ఏళ్లలో ఆయన మనసు ఎప్పుడూ నిబ్బరంగా ఉందని వ్రాస్తే అబద్ధమవుతుంది. 1886లో స్వదేశంలో తల్లి చనిపోయింది. పత్రికలు ఆయనను పొగుడుతుంటే పై పెద్దలు కొందరు ఆయన కీర్తి కోసం పాకులాడుతున్నారని అనుమానించారు. పాపసంకీర్తనానికి హొనొలులు వస్తానంటే అభ్యంతరాలు చెప్పారు. ఒక దశలో తాను పరలోకానికి తగనేమో అన్న దిగులు ఆయనను పట్టుకుంది. వందల మందికి ఆ ఆశ చూపించి సాగనంపిన మనిషి తనకు ఆ ఆశ ఉందో లేదో అని చీకట్లో తడుముకున్నాడు. కాని పని ఆపలేదు. ముఖం ఉబ్బి, ముక్కు కుంగి, చేతులు పుండ్లుపడినా గుడి పెద్దది చేసే పనిలో కప్పు మీదకు ఎక్కారు. క్రైస్తవ నిరీక్షణ అంటే మనసులో కలిగే హాయి అని మనం పొరబడుతుంటాం. హాయి లేని రోజుల్లో ఆయన దూలం పైకి లాగారు.

చివర్లో తోడు వచ్చింది. 1886లో అమెరికా నుండి జోసెఫ్ డట్టన్ అనే మాజీ సైనికుడు వచ్చి మరి వెళ్లలేదు. 1888లో బెల్జియం దేశస్థుడే అయిన కొన్రార్డీ గురువు వచ్చారు. ఆ ఏడాది నవంబరులో మదర్ మరియాన్ కోప్ తన మఠకన్యలతో దిగారు. ఆమెను 2012లో శ్రీసభ పునీతురాలిగా ప్రకటించింది.

1889 మార్చి నెలాఖరుకు ఆయన మంచం పట్టారు. మంచం అంటున్నాను కాని, నేలమీద గడ్డిపరుపు తప్ప వేరే ఏమీ లేకపోతే తోటివారు పట్టుబట్టి మంచం వేయించారు. జీవితమంతటికీ పాపసంకీర్తనం చేసుకున్నారు. ఏప్రిల్ 2న అవస్థ అభ్యంగనం పొందారు. చేతుల మీది పుండ్లు మూసుకుపోయి పైన నల్లని పొర కడుతుండడం చూశారు. చావు దగ్గరపడిన గుర్తు అది, ఎందరి పడకల దగ్గరో చూసినదే. అది చూపించి, ఈ ఏడు పాస్క పండుగ పరలోకంలో చేసుకుంటానని తోటివారికి సంతోషంగా తెలిపారు. తగనేమో అన్న ఆ పాత దిగులు అప్పటికి ఎటు పోయిందో! మ్రానికొమ్మల ఆదివారం గడిచింది. మరునాడు, ఏప్రిల్ 15, పవిత్ర సోమవారం ఉదయం ఆయన కన్నుమూశారు. నలభై తొమ్మిదేళ్లు. ఆ సంవత్సరం పాస్క పండుగ ఏప్రిల్ 21న వచ్చింది. తాను కోరుకున్నట్టే, వచ్చిన మొదటి రోజుల్లో పడుకున్న ఆ చెట్టు కిందనే పాతిపెట్టారు.

ఇప్పుడు ఈ రోగం మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. హవాయిలో ఏకాంతవాసపు నిబంధన 1969లో తీసేశారు. అంతవరకు ఆ దీవికి పంపినవారు సుమారు ఎనిమిది వేలు. దమియాను గారి స్వదేశం నుండే డాక్టర్ హెమెరిక్స్, డాక్టర్ క్లేర్ వెల్లూట్ వచ్చి 1955లో మద్రాసుకు దక్షిణాన పొలంబాక్కం పల్లెలో కుష్ఠు వైద్యకేంద్రం తెరిచారు. చెట్ల కింద కూర్చుని రోగులను చూసేవారు. ఆ డాక్టరమ్మ భారత పౌరసత్వం తీసుకుని ఇక్కడే ఉండిపోయారు.

ఆయన శరీరం సంగతి చెప్పి ముగిస్తాను. 1936లో బెల్జియం ప్రభుత్వం కోరగా సమాధి తవ్వి పెట్టెను ఓడలో స్వదేశానికి తీసుకుపోయారు. రాజు లియోపోల్డ్ స్వయంగా రేవుకు వచ్చారు. లూవెన్ పట్టణంలో ఘనంగా ఉంచారు. మొలొకాయి రోగులు మాత్రం ఏడ్చారు. తమతో ఉండడానికి వచ్చి తమతో చచ్చిన మనిషిని తమ నుండి విడదీశారని వారి బాధ. ఆ రోగానికి వారు పెట్టుకున్న పేరు మీకు గుర్తుండే ఉంటుంది. 1995 జూన్ 4న జగద్గురువు రెండవ జాన్ పాల్ బ్రస్సెల్స్‌లో ఆయనను ధన్యునిగా ప్రకటించారు. పదహారవ బెనెడిక్టు జగద్గురువులు 2009 అక్టోబరు 11న పునీతునిగా ప్రకటించారు. సాధారణంగా పునీతుల పండుగ వారు మరణించిన రోజున వస్తుంది. ఏప్రిల్ 15 తరచు పవిత్ర వారంలోనో దాని దరిదాపులనో పడుతుంది. ఆయన పండుగ మే 10, ఆయన మొలొకాయిలో దిగిన రోజు.

ఆ 1995లోనే ఆయన కుడిచేతి అవశేషాలను విడిగా తీసి మొలొకాయి పంపారు. రంపం పట్టిన చేయి, పుండ్లు కడిగిన చేయి, చివరికి తానే పుండైన చేయి. దీవి జనం దాన్ని పాటలతో మోసుకువెళ్లి, ఆయన స్వయంగా పెంచిన గుడి పక్కన, ఆ పాత సమాధిలోనే, తన చేత్తో పెట్టెలు చేసి పాతిపెట్టినవారి మధ్య ఉంచారు.